అత్త స్నానాలు, నేను తాగని నీళ్ళు

ఆ పొద్దున నేను దొడ్లో నీళ్ళ పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తున్నాను. మా అత్త వంటింటి గడపలోంచి చూసి ఒక్క అరుపు అరిచింది.

"ఏమ్మే, కాలు కాల్తాంది సూడు! ఒంటి మీద తెలివుండాదా లేదా నీకు?"

కిందికి చూస్తే నా ఎడమ పాదం మీద నిప్పు కణిక పడి ఉంది. కమురు వాసన వస్తూనే ఉంది, పొయ్యిలోంచి అనుకున్నాను. చేత్తో విదిలించాను. చెయ్యి చురుక్కుమంది, కాలికి మాత్రం ఏమీ తెలియలేదు. అత్త మడిలో ఉంది కాబట్టి దగ్గరికి రాలేదు. అక్కడి నుంచే "ఎన్నపూస పెట్టుకో" అని చెప్పి లోపలికి పోయింది. నేను వెన్న పూసుకుంటూ పాదాన్ని గిల్లి చూసుకున్నాను. ఎవరి కాలో గిల్లినట్టుంది.

మాది ఆళ్ళగడ్డ. ఇంటి ముందు గదిలోనే మా ఆయన చిల్లర అంగడి. ఇంట్లో మేమిద్దరం, మా అత్త, ఏడాదిన్నర పాప. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. దానికి ముందు నాలుగు నెలలుగా నడుము నొప్పి ఉంది. కాన్పు తరువాత అందరికీ ఉండేదేనని నడుముకు మందుపట్టీలు వేసుకుని తిరిగాను. సాయంత్రమైతే ఒళ్ళు కాస్త వెచ్చబడేది. దాన్ని కూడా ఎవరికీ చెప్పలేదు. ఈ చెప్పకపోవడమే నా జబ్బుల్లో పెద్దదని తరువాత తెలిసింది.

కణిక పడిన పది రోజులకు గడప దాటబోయి కూలబడ్డాను. కాళ్ళు లేవలేదు. మా ఆయన నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ వెన్ను మీద వేళ్ళతో తట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. నేను కెవ్వుమన్నాను. ఎక్స్-రే కర్నూలులో తీయించుకుని రమ్మంది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండేది కాదు. మా ఆయన కండక్టరును బతిమాలి నన్ను వెనక సీటులో పడుకోబెట్టి, తాను కింద కూర్చుని వచ్చాడు.

ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చూసి డాక్టరమ్మ చెప్పింది.

"టి.బి. స్పైన్. వెన్నుపూస మెత్తబడి నరం మీద ఒత్తుతున్నది. అందుకే కాళ్ళకు స్పర్శ పోయింది. మూత్రం మీద అదుపు ఇంకా ఉంది, అదొక్కటి అదృష్టం."

"బాగైతుందా అమ్మా?" అన్నాడు మా ఆయన.

"కదలకుండా పడుకుంటే బాగవుతుంది. లేస్తే కాదు."

"ఎన్నాళ్ళు?"

"తొమ్మిది నెలలు అనుకోండి. పది అయినా నన్ను తిట్టుకోవద్దు. అన్నాళ్ళూ పాప ఈమె దగ్గర ఉండకూడదు."

పాపను అవుకులో మా అమ్మ దగ్గర వదిలారు. బస్సెక్కేటప్పుడు అది ఏడ్చిందట. మా ఆయన వచ్చి చెబుతుంటే విన్నాను. నాకు ఏడుపు రాలేదు. కాళ్ళలోని మొద్దు పైకి కూడా ఎక్కినట్టుందని అనుకున్నాను, అంతే. నేను లేచి నడిస్తే పాప వస్తుంది, నడవకపోతే రాదు. ఆ లెక్క మాత్రం రోజూ బుర్రలో తిరిగేది.

ఆసుపత్రిలో నెలన్నర ఉన్నాను. వీపుకు ప్లాస్టర్ బెడ్ చేశారు. అంటే నా వీపు అచ్చుకు పోసిన గట్టి తొట్టి. అందులో వెల్లకిలా పడుకోవాలి. బెడ్ పాన్ పెట్టడానికి పిరుదుల దగ్గర ఖాళీ వదిలారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను, మాత్రలు. పాన్ పెట్టడం, తీయడం ఆయా చేసేది. మొదటి రెండు రోజులు సిగ్గుతో చచ్చాను. తరువాత అదీ మొద్దుబారింది.

వార్డులో గ్రేసమ్మ సిస్టరని ఒకామె ఉండేది. గడివేముల వైపు మనిషి, లావుపాటిది, నోరు పెద్దది. ఇంటికి పంపే ముందు మా అత్తను ఎదురుగా నిలబెట్టి వారం రోజులు అన్నీ నేర్పింది. రెండు గంటలకొకసారి ఇద్దరు కలిసి మనిషిని ఒక కట్టెలాగా, నడుం మెలిక పడకుండా పక్కకు దొర్లించాలి. వీపు తుడిచి, స్పిరిట్ రాసి, పౌడరు వేయాలి. దుప్పటిలో ఒక్క ముడత ఉండకూడదు. పాదాలు వాలిపోకుండా చెక్క ఆనించి, పక్కన ఇసుక సంచులు పెట్టాలి.

"సదువు రాదు నాకు, గంటలెట్ల తెలుస్తాయి?" అంది అత్త.

"మీ ఇంటి ముందర బస్సులు పోవా?"

"పోతాయి."

"బస్సు హారన్ కొడితే కోడల్ని తిప్పు. ఇంగేం గావాల?"

అలాగే జరిగింది. అత్త వంకలోంచి ఇసుక తెప్పించి, మా మామ పాత పంచెలు చించి సంచులు కుట్టింది. మామ పోయి అప్పటికి పదేళ్ళు. ఆ పంచెలను ఆమె పెట్టెలోంచి తీయడం నేను చూడడం అదే మొదటిసారి. నంద్యాల బస్సు, కడప బస్సు హారన్ వినబడితే మా ఆయన అంగడిలోంచి పరుగెత్తుకొచ్చేవాడు. తల్లీకొడుకులిద్దరూ నన్ను దొర్లించేవాళ్ళు. బేరం మధ్యలో లేచిపోతాడని ఊళ్ళో నవ్వుకునేవారు కూడా.

ఇక పాన్ సంగతి. అది మగవాడు చేసేది కాదని మా ఇంట్లో ఎవరూ అనుకోవలసిన పని కూడా లేకపోయింది. దొడ్డి శుభ్రం చేసే మనిషి పొద్దున ఒకసారి వచ్చి పోతుంది. మిగిలింది అత్త. అత్తకు మడి ఉంది. వంట, దేవుడి దగ్గర పని, ఆమె మధ్యాహ్నం తినే ఒక్క పూట అన్నం, అన్నీ మడిలోనే. నన్ను తిప్పడానికైతే మడిచీర మార్చుకుని వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని పోతే చాలని సర్దుకుంది. పాన్ ముట్టుకోవాలంటే మాత్రం మడిచీర విప్పి వేరేది కట్టుకోవాలి. పాన్ తీసి, పారబోసి, కడిగి, బావి దగ్గర తల మీద నీళ్ళు గుమ్మరించుకుని, దండెం మీద చీర తీసి కట్టుకుంటేగాని తిరిగి పొయ్యి దగ్గరికి పోదు. నేను ఒకసారి పాన్ అడిగితే ఆమెకు ఒక తలస్నానం. అప్పుడు మార్గశిరం, గాలి కోస్తోంది. రోజుకు ఐదు, ఆరు. నేను పడుకుని బావి చప్పుడు వినేదాన్ని. చేద దిగడం, తల మీద నీళ్ళు పడడం, పళ్ళు గడగడలాడుతుండగా "గోవిందా గోవిందా" అనడం. ఆమెకు అరవై దాటాయి. దగ్గు పట్టుకుంది.

ఒకరోజు పక్కింటామె గోడవతల ఎవరితోనో అంటోంది. "కోడలు బతుకుతాదో లేదో గానీ, ఆ నీళ్ళు పోసుకోని పోసుకోని ముసిలిది ముందర పోయేట్లుండాది."

నేను ఆ రోజే నిర్ణయించుకున్నాను. తెల్లవారుజామున అత్త స్నానానికి ముందు ఒకసారి, మాపటేళ ఆమె పనులన్నీ అయ్యాక ఒకసారి. మధ్యలో అడగకూడదు. అడగకుండా ఉండాలంటే తాగకూడదు. ఇంతకన్నా తెలివైన ఆలోచన ఎవరికీ రాదనుకున్నాను.

పడుకుని తాగడానికి నాకు ఉగ్గుగిన్నె పెట్టేవాళ్ళు, పాపకు పాలు పట్టిన గిన్నే. అత్త దాన్ని నింపి చేతికిచ్చి తన పనికి పోయేది. పక్కన నోరు పుక్కిలించడానికి ఒక పళ్ళెం ఉండేది. నేను రెండు గుక్కలు తాగి మిగతావి పళ్ళెంలో వంచేసేదాన్ని. అత్త వచ్చి గిన్నె చూసేది. ఖాళీగా ఉండేది. "తాగినావా?" అనేది. "తాగినా అత్తా" అనేదాన్ని. మజ్జిగ మాత్రం పారబోస్తే తెల్లగా కనబడుతుంది గనుక వద్దని చెప్పాను. అన్నం కూడా సగం చేశాను, కడుపు ఉబ్బరంగా ఉందన్నాను.

ఆరు స్నానాలు రెండయ్యాయి. అత్త దగ్గు తగ్గింది. నాకు చాలా గొప్పగా అనిపించింది, ఆ మాట దాచను. మంచాన పడ్డాక నేను ఇంటికి చేసిన ఒకే ఒక్క పని అదేననుకున్నాను.

మూడు వారాలకు మూత్రం ఆముదం రంగుకు వచ్చింది. తరువాత మంట. విరేచనం ఎనిమిది రోజులు లేదు. కడుపు రాయిలాగా అయ్యింది. తుంటి మీద దుడ్డు బిళ్ళంత ఎర్రటి మచ్చ లేచి, చిట్లి, పుండయింది. అత్త ఎంత తుడిచినా, ఎన్ని బస్సులకు తిప్పినా అది మానలేదు. చలిజ్వరం మొదలైంది. ఇంజెక్షను ఇచ్చే కాంపౌండరు చూసి, "మలేరియా మాదిరుండాదమ్మా" అని చేదు మందొకటి ఇచ్చాడు. మందుకు వాంతులు. నేనప్పుడు కూడా నిజం చెప్పలేదు. చెబితే మళ్ళీ బావి చప్పుడు మొదలవుతుంది.

చివరికి వేరుశనగ మూటలు తోలే లారీలో, ప్లాస్టర్ బెడ్‌తో సహా నన్ను ఎక్కించి నంద్యాల తీసుకుపోయారు. దారంతా అత్త నా తల పట్టుకుని కూర్చుంది. నేను ఆకాశం చూస్తూ పోయాను. చచ్చిపోతానేమోనని అనిపించింది. భయం వేయలేదు. భయపడడానికి కూడా ఒంట్లో ఏదో ఉండాలి, అది కూడా ఎండిపోయినట్టుంది.

గ్రేసమ్మ సిస్టరు నా చేతి మీద చర్మం గిల్లి వదిలింది. అది ముడత పడి అలాగే నిలబడింది. నాలుక చూపించమంది. డాక్టరమ్మ వచ్చి కడుపు, నడుము నొక్కి చూసి, "ఇన్‌ఫెక్షన్ కిడ్నీల దాకా పోయింది. ఇంకో నాలుగు రోజులు ఆగి తెచ్చి ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు" అంది. చేతికి సెలైన్ ఎక్కించారు. కాథెటర్ వేశారు. ఎనిమా ఇచ్చారు, అది పనిచేయక సిస్టరు చేతికి గ్లవ్ వేసుకుని వేలితో తీయవలసి వచ్చింది. చదివేవాళ్ళకు అసహ్యం వేయవచ్చు. నాకు జరిగింది, ఆమె చేసింది, కాబట్టి రాస్తున్నాను.

మూడో రోజు జ్వరం కాస్త తగ్గాక సిస్టరు అత్తను వేణ్ణీళ్ళకు పంపి, నా దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు. ఇంట్లో నీళ్ళు యాడికి పోతాండాయి?"

"పళ్ళెంలోకి."

"ఎందుకు?"

"అత్తకు స్నానాలు ఎక్కువైతాండాయని."

ఆమెకు అర్థం కాలేదు. మడి సంగతంతా చెప్పాను. విని, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అంతలో అత్త నీళ్ళతో వచ్చింది. నన్ను మెత్తగా చూసిన మనిషే అత్త వైపు తిరిగి నా ముందరే అంతా చెప్పేసింది. "పెద్దమ్మా, నీ కోడలికి మలేరియా ల్యా, ఏం ల్యా. నీ స్నానాలు తగ్గించేదానికి నీళ్ళు మానేసింది." నేను కళ్ళు మూసుకున్నాను.

అత్త చెంబు కింద పెట్టి బయటికి పోయింది. ఆ పూటంతా వరండాలో కూర్చుందట. మా ఆయన పిలిచినా లోపలికి రాలేదట. దీపాలు పెట్టే వేళకు లోపలికి వచ్చి నా మంచం పక్కన నిలబడింది.

"నా స్నానాలు లెక్కబెట్టేదానికి నువ్వెవరే?"

అని మంచం పట్టె పట్టుకుంది.

"కష్టమని నీతో సెప్పినానా నేను? అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను అత్తను. నోరు తెరిసి ఒక మాట అనింటే నీ సొమ్మేం పోయింది? నీకేమన్నా అయింటే ఆ పసిదానికి ఏం జెప్పాల నేను? మీ అమ్మ నీళ్ళు తాగక సచ్చిందని జెప్పాల్నా?"

అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పదేళ్ళ కిందట మామ పోయినప్పుడు కూడా గట్టిగా ఏడవలేదని ఊళ్ళో చెప్పుకునే మనిషి. నేను చూస్తూ పడుకున్నాను. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. తప్పు చేశానని మాత్రం తెలిసింది.

ఇంటికి వచ్చిన మరునాడే అత్త పద్ధతి మార్చింది. తెల్లవారక ముందే స్నానం చేసి, వండి, దేవుడికి పెట్టి, తన ఒక్క పూట అన్నం అప్పుడే తినేసింది. మాకు వడ్డించుకోవడానికి గిన్నెలు ఇవతల పెట్టి వంటింటి తలుపు మూసింది. "ఇంగ మాపటిదాకా నేను మైలే. నువ్వు ఎన్నిసార్లయినా అడుగు" అంది. మాపటికి ఒక్క స్నానం. అంతే. ఇంత చిన్న సర్దుబాటు కోసం నేను కిడ్నీలు పోగొట్టుకోబోయాను. నన్ను ఇంకో నాలుగు తిట్లు తిట్టి ఉన్నా బాగుండేది.

సిస్టరు చెప్పిందని అత్త పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి నా తలాపున గోడ గూట్లో పెట్టింది. ఉగ్గుగిన్నె తనే పట్టుకుని, నా గొంతు కదలడం చూస్తూ తాగించేది. రెండు గిన్నెలకు గోడ మీద ఒక గీత. రోజుకు పన్నెండు గీతలు పడాలి. పది దగ్గర నేను "సాలు అత్తా" అంటే, "గోడనడుగు" అనేది. గుడ్లు తినమంది డాక్టరమ్మ. మా ఇంట్లో గుడ్డు గడప దాటదు. దానికి బదులు పెసరకట్టు, పాలు, వేయించిన వేరుశనగపప్పు, ఆకుకూర, బొప్పాయి పెట్టమని సిస్టరు చెప్పింది. విరేచనం రోజూ ఒకే వేళకు అలవాటు చేసింది అత్త. పుండు రెండు నెలలకు మానింది.

ఒక మధ్యాహ్నం నా కుడికాలి బొటనవేలి దగ్గర ఏదో చురుక్కుమంది. మళ్ళీ ఇంకోటి.

"అత్తా, నా కాలికాడ ఏముందో సూడు."

"ఏముందీ, చీమ. బెల్లం గంజి ఒలికింది" అని దులపబోయి ఆగిపోయింది. "ఏమ్మే, నీకెట్ల తెలిసె?"

చీమ కుట్టిందని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమె ఆ చీమను దులపలేదు. "ఇంగోసారి కుట్టనీ" అంది. అంగడిలో ఉన్న మా ఆయన్ను కేకేసి పిలిచింది. బస్సు హారన్ లేకుండా ఎందుకు పిలిచిందోనని ఆయన హడలిపోయి వచ్చాడు.

తొమ్మిది నెలలు పదకొండయ్యాయి. ప్లాస్టర్ జాకెట్ వేసి కూర్చోబెట్టారు. మొదటిసారి కూర్చున్నప్పుడు కళ్ళు తిరిగాయి. తరువాత గోడ పట్టుకుని నిలబడడం, అత్త భుజం పట్టుకుని నాలుగడుగులు. నేనే నడిచి దొడ్లోకి పోయి వచ్చిన రోజు అత్త పాన్ కడిగి, ఎండబెట్టి, అటక మీద పెట్టింది. కాఫీ ఇచ్చింది. ఆ ఇంట్లో కోడలికి అత్త కాఫీ కలిపి ఇవ్వడం కొత్త.

పాపను తీసుకొచ్చారు. అది నన్ను చూసి మా అమ్మ కొంగు వెనక దాక్కుంది. మా అమ్మనే అమ్మా అంటోంది. వారం రోజులు నా దగ్గరికి రాలేదు. ఎనిమిదో రోజు ఉగ్గుగిన్నె చూసి అడిగింది, తీసి ఇచ్చాను. అలా వచ్చింది.

ఇప్పటికి ఐదేళ్ళు. నా నడుం కొంచెం గూనిగా ఉంది, పని చేసుకుంటాను. బరువులెత్తవద్దని, బావిలో నీళ్ళు తోడవద్దని డాక్టరమ్మ చెప్పింది. పాప బడికి పోతోంది.

పోయిన శ్రావణంలో మా అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట సగం పోయింది. నా ప్లాస్టర్ బెడ్ పెట్టిన చెక్క బల్ల మీదనే పడుకోబెట్టాం. అటక మీది పాన్ దించాం. బస్సు హారన్ కొడితే నేనూ మా ఆయనా తిప్పుతున్నాం. అత్త మడి వంట తప్ప తినదు కాబట్టి ఇప్పుడు మడి నేను కట్టాను. తెల్లవారుజామునే వంట ముగించే పద్ధతి మొదలుపెట్టాను గాని, అత్తకు ఒక్క పూట అన్నం సరిపోదని డాక్టరమ్మ అంది. రోజుకు మూడుసార్లు కొంచెం కొంచెం వండి తినిపించాలి. పాన్ తీసిన ప్రతిసారీ బావి, చేద, తల మీద నీళ్ళు. నడుం పట్టేసేది. పళ్ళ బిగువున "అమ్మా" అనుకునేదాన్ని, లోపలికి వినబడదనుకుని.

నెల తిరక్కముందే అత్త పాన్ అడగడం తగ్గింది. నేను సంతోషించాను. చూడండి, అంతా తెలిసిన నేను సంతోషించాను! ఒకరోజు పాన్ తీసి పారబోయబోతే ఆముదం రంగు కనబడింది. పాన్ అక్కడే పెట్టి వెనక్కి వచ్చి పళ్ళెం చూశాను. నిండా నీళ్ళు. మంచి చెయ్యి ఎడమది. దానితో వంచేస్తోంది.

"నా స్నానాలు లెక్కబెట్టేదానికి నువ్వెవరు అత్తా?" అని అరిచాను. మా ఆయన అంగడిలోంచి లేచి వచ్చేంత గట్టిగా అరిచాను. అరుస్తుండగానే ఏడుపు వచ్చింది. పాపను పంపినప్పుడు రానిది, లారీలో రానిది, సిస్టరు ముందు రానిది, అంతా అప్పుడు వచ్చింది. అత్త బల్ల అంచున తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆమె ఎడమ చెయ్యి నా నడుం మీద పెట్టింది, గూని ఉన్నచోట. నోరు సగమే తిరుగుతుంది. మాట కూడదీసుకోవడానికి చాలా సేపు పట్టింది.

"మడి... సాలు" అంది.

అర్థమై కూడా, ఆమె నోట ఆ మాట నమ్మలేక, "ఏంది అత్తా?" అన్నాను.

"నువ్వు... ఎట్లుంటే అట్ల... పెట్టు. తింటా."

నలభై ఏళ్ళ మడి. ఆ పూట నేను తల మీద నీళ్ళు పోసుకోకుండా, మామూలు చీరతోనే, చేతులు సబ్బుతో కడుక్కుని అన్నం కలిపి తినిపించాను. తింది. పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి ఆమె తలాపున గోడ గూట్లో పెట్టాను. నా పాత గీతలు సున్నం కింద ఇంకా మసకగా ఉన్నాయి.

మంచాన ఉన్న మనిషిని చూసుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. "నీళ్ళు తాగినావా?" అని అడగొద్దు, తాగినాననే చెబుతారు. గిన్నె ఖాళీ అయిందని నమ్మొద్దు. మీరే పట్టుకుని, గొంతు కదిలేదాకా చూడండి. పక్కనున్న పళ్ళెం కూడా చూడండి. మీ కష్టం వాళ్ళకు మీకన్నా ముందు వినబడుతుంది.

ఇది రాస్తుండగా కడప బస్సు పోయింది. అత్తను తిప్పి వచ్చాను. ఈ రోజు ఇప్పటికి ఏడు గీతలు. ఎనిమిదో దానికి ఒక గిన్నె అయింది, ఇంకొకటి తాగించాలి.